జారే నేల మీద మూడు కాళ్లు

"మన మనుషులకే దిక్కులేదు, నువ్వు కుక్కకు కట్లు కడుతూ కూర్చున్నావంట గదన్నా?" అని పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్లో అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాడు. మెస్ బకాయిలనీ స్కాలర్‌షిప్పులనీ రోజూ ఆఫీసుల చుట్టూ తిరిగే పిల్లవాడు. అతనికి ఫోన్లో చెప్పిన నాలుగు ముక్కలు నాకే సరిపోలేదు. అందుకే ఈ వారం భాగం మొత్తం దీని మీదే.

ముందు ఒక మాట. కుక్కకూ మనకూ సంబంధం ఇప్పుడు నేను కలిపింది కాదు. మనువు ఎప్పుడో కలిపి పెట్టాడు. మనుస్మృతి పదో అధ్యాయం తీసి చూడండి. చండాలులు, శ్వపచులు ఊరి బయట ఉండాలి, పగిలిన కుండల్లో తినాలి, వాళ్ల ఆస్తి కుక్కలూ గాడిదలూ అని రాసి ఉంటుంది. శ్వపచుడంటే కుక్కను వండుకునేవాడని అర్థం. మనిషిని కుక్క పక్కన నిలబెట్టి పెట్టిన పేరు అది. ఆ కుక్కనైనా పైమెట్టు మీద ఉంచారు. మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు పశువులు తాగొచ్చు, మనవాళ్లు తాగకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీ ఎదుటే కూర్చుని, మమ్మల్ని కుక్కలకన్నా పిల్లులకన్నా హీనంగా చూసే నేలను నా దేశమని ఎలా అనుకోమంటారని అడిగారు.

ఇక్కడ ఒకటి గమనించండి. బాబాసాహెబ్ ఫిర్యాదు కుక్క మీద కాదు. కుక్కను కిందికి దించమని ఆయన అడగలేదు. ఆయన ప్రశ్న మనుషులను మెట్ల వారీగా పేర్చినవాడి మీద. 1956లో నాగ్‌పూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులన్నిటి పట్ల కరుణతో ఉంటానన్నది కూడా ఒకటి. కుక్కకు బిస్కెట్ వేసి, పనమ్మాయికి వేరే గ్లాసు పెట్టే ఇళ్లు నేనూ చూశాను. వాళ్ల మీద కోపం ఉంటే ఆ గ్లాసు మీద చూపిద్దాం. కుక్క ఏం చేసింది?

సరే, అసలు సంగతికి వస్తాను.

హైదరాబాదులో మేం అద్దెకున్న ఇంటి గేటు బయట నాలుగేళ్లుగా ఉండే కుక్క పేరు కర్రి. నల్లగా ఉంటుందని మా అమ్మ పెట్టిన పేరు. అమ్మ అన్నం పెడుతుంది, అది గేటు దగ్గర పడుకుంటుంది. అంతవరకే మా చుట్టరికం. ఒక రాత్రి ఏదో కారు దాని వెనక ఎడమ కాలు మీదుగా పోయింది. మూడు రోజులు కనపడలేదు. కనపడేసరికి మోకాలి కింద ఎముక బయటికొచ్చి, పుండు కుళ్లి, దగ్గరికి పోలేనంత వాసన. నొప్పిలో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతిని కూడా కరుస్తుంది. అందుకని అమ్మ పాత చీర పీలిక దాని మూతికి చుట్టి, చెవుల వెనక ముడి వేసింది. గోనెసంచి మీదికి జరిపి, నేనూ మా అక్క కూతురూ నాలుగు కొసలూ పట్టి ఎత్తాం. ఇద్దరు ఆటోవాళ్లు రామన్నారు. మూడో అతను సీటు మీద పట్టా వేసి ఎక్కించుకున్నాడు.

ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ చిన్న వయసే. ఎక్స్‌రే తీయించి, ఎముక నుగ్గయింది, చీము పైకి పాకుతోంది, ఇక కాలు నిలవదని చెప్పింది. కాలు తీసేయాలి, లేదంటే నిద్రపుచ్చాలి. లైన్లో మా వెనక నిలబడ్డాయన తన బొచ్చుకుక్కను ఎత్తుకుని, "ఇంజెక్షన్ ఇప్పించెయ్యండి సార్, మూడు కాళ్లతో అదేం బతుకు" అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. ఒక శరీరం బతకడానికి పనికొస్తుందో లేదో పక్కవాళ్లు ఎంత తేలిగ్గా తేల్చేస్తారో చూడండి.

నేను డాక్టరమ్మను రెండు ప్రశ్నలడిగాను. దెబ్బ మోకాలి కింద అయితే కాలు తొడ దాకా ఎందుకు తీయాలి? మొండెం మిగిలిస్తే కుక్క దాన్ని నేల మీద ఆనించబోతుంది, తగిలి తగిలి పుండు పడుతుంది, పనికిరాని బరువు మోయాల్సి వస్తుంది, అందుకని పైదాకా తీస్తామంది. మరి తర్వాత నడుస్తుందా? నడుస్తుంది, వెనక కాలు కాబట్టి తొందరగానే నడుస్తుందంది. కుక్క తన బరువులో 60 శాతం దాకా ముందు కాళ్ల మీదే మోస్తుందట. అందుకే ముందు కాలు పోతే అలవాటు పడటం ఇంకా కష్టం. "కుక్కలు మనలాగా కాలు పోయిందని కూర్చుని ఆలోచించవండీ. నొప్పి తగ్గితే లేస్తాయి. ఇంట్లో జాగ్రత్తగా చూసుకునేవాళ్లు ఉన్నారా?" అని అడిగింది. అమ్మ "ఉండాము" అంది.

మర్నాడు ఆపరేషన్. ఆ మరుసటి రోజు ఇంటికి తెచ్చుకున్నాం. సగం ఒళ్లు గొరిగేసి, తొడ దగ్గర జానెడు పొడుగున కుట్లతో, చూడటానికి కష్టంగానే ఉంది. కుట్లు నాకకుండా మెడకు పెట్టే ప్లాస్టిక్ గరాటా ఆ రోజు దొరకలేదు. పాత బకెట్ అడుగు కోసి, అంచుకు గుడ్డ కుట్టి మెడకు తగిలించాం. మొదటి రెండు రాత్రులూ అది పడుకోలేదు, మమ్మల్ని పడుకోనీయలేదు. ఒకటే మూలుగు. కొంత నొప్పి వల్ల, కొంత మత్తుమందు దిగేటప్పటి అయోమయం వల్ల అలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది కాబట్టి కంగారు పడలేదు. వేళకు మాత్ర వేసి పక్కన కూర్చున్నాం.

రెండో రోజు పొద్దున లేవబోయింది. మేం ఉన్న ఇంట్లో నేల అంతా నున్నటి నల్ల గ్రానైట్. అద్దంలా మెరుస్తుంది. ముందు కాళ్లు ఆనించి, ఉన్న ఒక్క వెనక కాలు మీద బరువు వేయగానే అది పక్కకు జారిపోయింది. మళ్లీ లేచింది, మళ్లీ జారింది. మూడోసారి ఇంక ప్రయత్నం చేయలేదు. తల నేలకు ఆనించి పడుకుంది. మా మేనకోడలు కళ్లనీళ్లు పెట్టుకుని, ఎత్తుకుని బయటికి తీసుకుపోదామని వంగింది.

"ఎత్తబాక," అంది అమ్మ. "పట్టుకోడానికేదన్నా ఇయ్యి. అదే లేసుద్ది."

అటక మీద ఉన్న బియ్యం గోనెసంచులు దించింది. కర్రి పడుకున్న మూల నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి వాకిట్లో మట్టి దాకా ఒకదాని అంచు మీద ఒకటి పరిచింది. జరగకుండా కొసల మీద ఇటుకలు పెట్టింది. తువ్వాలు పొడుగ్గా మడిచి దాని కడుపు కింద నుంచి వేసి, రెండు కొసలూ పైకి తెచ్చి నా చేతికిచ్చింది. లాగొద్దు, పడబోతే ఆపితే చాలంది. కర్రి గోనె మీద గోళ్లు ఆనించింది. పట్టు దొరికింది. లేచింది. వెనక కాలిని ఒళ్లు మధ్యకు జరుపుకుని, ఒక్కో గెంతుగా వాకిట్లోకి పోయి, మట్టిలో ఒంటికి పోసుకుని, వెనక్కి తిరిగి వచ్చి పడుకుంది.

పది నిమిషాల క్రితం లేవలేని కుక్కా అదే, ఇప్పుడు లేచిందీ అదే. దాని కాళ్లు మూడే. ఆ పది నిమిషాల్లో మారింది నేల ఒక్కటే.

అమ్మకు ఇది ఎలా తెలుసో చెప్పాలంటే మా చిన్నాన్న గురించి చెప్పాలి. మాది ప్రకాశం జిల్లాలో చీమకుర్తి పక్కన పల్లె. చీమకుర్తి అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు గానీ, అక్కడి రాయి మీద మీరు నడిచే ఉంటారు. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అక్కడిదే. దేశాలు దాటి పోతుంది. పెద్ద పెద్ద హోటళ్లలో, ఆఫీసుల్లో పరుస్తారు. మా మాదిగపల్లె మగవాళ్లు సగం మంది ఆ క్వారీల్లోనే పనిచేశారు. తొంభైల్లో ఒక రోజు రాతి దిమ్మ దొర్లి మా చిన్నాన్న కుడికాలు నలిగిపోయింది. ఒంగోలు తీసుకుపోతే మోకాలి పైకి తీసేశారు. అప్పటికి ఆయనకు ముప్పై కూడా లేవు.

ఇంటికొచ్చాక చుట్టాలు వచ్చారు, రొట్టె ప్యాకెట్లు తెచ్చారు, ఏడ్చారు, పోయారు. మేస్త్రీ ఎవరికీ చెప్పొద్దని కొంత డబ్బు చేతిలో పెట్టి పోయాడు. చిన్నాన్న వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నిటికన్నా ఆయన్ని కుంగదీసింది దొడ్డికి పోవడం. ఇంట్లో మరుగుదొడ్డి లేదు. చీకట్లో ఎవరో ఒకరు ఎత్తుకుపోవాలి. ముప్పై ఏళ్ల మగమనిషి, ఎత్తుకోమని అడగలేక రోజంతా అన్నం మానేసేవాడు. అప్పుడు మా అమ్మ బావి చేంతాడు తెచ్చి వసారా స్తంభం నుంచి పెరట్లో వేపచెట్టుకూ, వేపచెట్టు నుంచి తడికెల మరుగుకూ నడుమెత్తున కట్టింది. "ఇది పట్టుకుని నువ్వే పో మరిదీ, ఎవుర్నీ పిలవాల్సిన పన్లేదు" అని చెప్పింది. ఆ రాత్రి చిన్నాన్న ఒక్కడే పోయి వచ్చాడు. మర్నాడు అన్నం అడిగి తిన్నాడు.

తర్వాత ఆయనకు ఒక క్యాంపులో జైపూర్ కాలు పెట్టారు. ఆ కాలు సంగతి తెలుసుకోండి. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ అనే పనివాడు కలిసి తయారుచేశారు. డాక్టరు గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. చేత్తో ఆ కాలు చేసిన పనివాడి పేరు చాలామందికి తెలియదు. అంతకుముందు దొరికే విదేశీ పద్ధతి కాళ్లకు బూటు తప్పనిసరి. వాటితో గొంతుక్కూర్చోలేం, నేల మీద బాసింపట్టు వేయలేం, పొలంలో దిగలేం. బూటూ కుర్చీ ఉన్నవాళ్ల కోసం చేసిన కాళ్లవి. జైపూర్ కాలు వట్టి కాలితో బురదలో నడిచేవాళ్ల కోసం, కింద కూర్చుని తినేవాళ్ల కోసం చేసింది. మా చిన్నాన్న దానితోనే ఇరవై ఏళ్లు సైకిల్ పంచర్ల కొట్టు నడిపాడు, గొంతుక్కూర్చుని.

మరి పరిహారం? అప్పట్లో 1923 నాటి చట్టం ఉండేది. తర్వాత దాన్ని ఉద్యోగుల నష్టపరిహార చట్టమన్నారు. దాని షెడ్యూల్లో కాలిని కొలిచి శాతాలు రాశారు. తుంటి దగ్గర పోతే 90 శాతం సంపాదన శక్తి పోయినట్టు. తొడ మధ్య భాగానికి కింద పోతే 60. మా చిన్నాన్నకు ఏ శాతమూ రాలేదు, ఎందుకంటే మస్టర్‌లో ఆయన పేరే లేదు. కాగితం మీద లేని మనిషికి కాగితం మీద కాలు ఎక్కడిది? మీలో లా చదివేవాళ్లు ఈ షెడ్యూల్ ఒకసారి చదవండి. క్వారీల్లో, ఇటుక బట్టీల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పనిచేసే మనవాళ్లకు ముందు కావాల్సింది పేరు నమోదు.

ఐదో రోజు అర్ధరాత్రి కర్రి నిద్రలోంచి కెవ్వుమని లేచి, లేని కాలి వైపు తిరిగి కరవబోయింది. మేనకోడలు భయపడింది. అమ్మ భయపడలేదు. "మీ చిన్నతాతక్కూడా ఇంతే. లేని కాలేళ్లు జిల పెడతన్నయ్యని గీరమనేవోడు. ఊళ్లో వోళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టమన్నారు" అంది. పోయిన అవయవం ఇంకా ఉన్నట్టు నరాలు మెదడుకు కబురు పంపుతూనే ఉంటాయి. మనుషుల్లో ఇది బాగా తెలిసిన విషయం. కుక్కల్లోనూ ఉంటుందని డాక్టర్లు అనుకుంటారు. ఫోన్ చేస్తే డాక్టరమ్మ నరాల నొప్పికి గాబాపెంటిన్ మోతాదు సరిచేసింది. నాలుగైదు రోజుల్లో తగ్గింది.

మందుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కర్రికి ఇచ్చిన నొప్పి మాత్ర మెలాక్సికామ్. మనం వేసుకునే బ్రూఫెన్ గానీ డైక్లోఫెనాక్ గానీ కుక్కకు సగం మాత్రైనా వేయకూడదు. పొట్టలో పుండ్లు పడి రక్తం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. డైక్లోఫెనాక్‌తో మనకు ఇంకో పాత లెక్క కూడా ఉంది. ఒకప్పుడు పశువులకు ఆ మందు విపరీతంగా వాడారు. మందు వేసిన పశువు చస్తే, ఆ కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. కొన్ని జాతుల్లో నూటికి తొంభైకి పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. దాని బదులు రాబందులకు హాని చేయదని తేలి ముందుకొచ్చిన మందే ఈ మెలాక్సికామ్.

అమ్మ చిన్నప్పుడు మా పల్లె పక్క దిబ్బ మీద తాత వాళ్లు చచ్చిన గొడ్డు తోలు ఒలుస్తుంటే చుట్టూ రాబందులు వరసగా కూర్చుని ఉండేవట. వీళ్ల పని అయ్యేదాకా ఆగి, తర్వాత దిగేవి. చివరికి కుక్కలు. ఊరి చావును ఊరి బయట శుభ్రం చేసినవాళ్లు ముగ్గురు: మాదిగలు, రాబందులు, కుక్కలు. ముగ్గురినీ ఊరు అసహ్యించుకుంది. రాబందులు పోయాక కళేబరాలన్నీ కుక్కలపాలయ్యాయి, కుక్కలు పెరిగాయి. ఆ కరుపులు ఎవరికి పడుతున్నాయి? కార్లలో తిరిగేవాళ్లకు కాదు. చెత్తకుప్పల పక్కన ఇళ్లున్న మన పిల్లలకు. ఇది నేను దాచను. కుక్కలంటే ప్రేమ ఉన్నవాళ్లు మన బస్తీ తల్లుల భయాన్ని వెక్కిరిస్తే ఒప్పుకోను. చెత్త తీయడం, కుక్కలకు టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, బస్తీ దవాఖానాలో రేబిస్ వ్యాక్సిన్, ఇవన్నీ మునిసిపాలిటీ పని. కుక్క కరిస్తే సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. పసరు మందులకు పోవద్దు.

ఇక ఇంటి ఓనరు. ఆరో రోజు పొద్దున వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి గోనెసంచుల వైపు చూశాడు. "ఏంటి సార్ ఇది, గ్రానైట్ వేయించిన ఇల్లు. వాసనొస్తోందని పైవాళ్లు అంటున్నారు. మీవాళ్లకి ఇవన్నీ అలవాటేమో గానీ..." అన్నాడు. మాట పూర్తి చేయలేదు. చేయాల్సిన అవసరం ఆయనకు లేదు, నాకూ లేదు. ఇల్లు ఇచ్చేటప్పుడు అడగకుండా ఆపుకున్న ప్రశ్న కుక్క వంక పెట్టి బయటికి వచ్చింది. రెండు రోజుల్లో కుక్కను బయట వదలాలి, లేదంటే మేం ఖాళీ చేయాలి. అదీ ఆయన తీర్పు.

కుట్లున్న కుక్కను వీధిలో వదిలితే తెల్లారేసరికి మిగతా కుక్కలు పీక్కుతింటాయి. ఆ ఇంట్లోనే ఉంటే మా మేనకోడలి కాలేజీకి నడిచిపోవచ్చు. అమ్మ బీపీ మాత్రలిచ్చే ఆసుపత్రి పక్క వీధే. అంత తేలిక కాదు. రాత్రి ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఖాళీ చేద్దామని మొదట అన్నది మా మేనకోడలే. మర్నాడు ఓనరుకు చెప్పాను: "నెలాఖరుకు ఖాళీ చేస్తాం. అద్దె కట్టి ఉంది కాబట్టి అప్పటిదాకా కుక్క ఇక్కడే ఉంటుంది. మీరన్న 'మీవాళ్లు' ఎవరో కూడా ఒకసారి పూర్తిగా చెప్పండి, వింటాను." ఆయన చెప్పలేదు. నెలాఖరు దాకా మళ్లీ రాలేదు.

ఇళ్లు వెతికేటప్పుడు జనం నీళ్లు చూస్తారు, గాలి చూస్తారు. నేను ప్రతి ఇంట్లోనూ చెప్పు విప్పి పాదంతో నేల రాసి చూశాను. రెండుచోట్ల "మీరేమిట్లు?" అని అడిగారు. చెప్పాం, ఇల్లు లేదన్నారు. మూడోచోట పాత ఇల్లు, కింది వాటా, గరుకు నాపరాళ్ల నేల. ఓనరమ్మ ముసలామె, కర్రతో నడుస్తుంది. అద్దె ఎప్పుడిస్తారని మాత్రమే అడిగింది.

పన్నెండో రోజు కుట్లు తీశారు. నెల తిరిగేసరికి కర్రి పరుగెత్తింది. పరుగులో నాలుగో కాలు లేదని తెలియదు. నిలబడినప్పుడు తెలుస్తుంది.

మీలో ఎవరికైనా ఇలాంటి పని పడితే పనికొస్తుందని మేం చేసినవి వరసగా రాస్తున్నాను.

నేల ముందు. గోనె, రబ్బరు చాప, పాత యోగా మ్యాట్, ఏదైనా సరే జారకూడదు. మెట్లకు అడ్డు పెట్టండి. మంచం మీదికి దూకనీయొద్దు.

కుట్లు పొద్దునా సాయంత్రం చూడండి. మొదటి రోజుల్లో చుట్టూ కమిలినట్టు నీలంగా, పసుపుగా ఉండి పొట్టవైపు దిగడం మామూలే. మెత్తటి నీటి ఉబ్బు రావచ్చు, అది డాక్టరుకు చూపించండి, పిసకొద్దు. ఎర్రబడి వేడెక్కినా, చీము కారినా, వాసన వచ్చినా, రక్తం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి. కుట్లు తీసేదాకా స్నానం లేదు, మెడ గరాటా తీయొద్దు.

మందులు డాక్టరు చెప్పిన వేళకు, చెప్పిన రోజులు వేయండి. తేలికగా కనిపించిందని మధ్యలో ఆపొద్దు. ఒగర్పు, వణుకు, పడుకోలేకపోవడం నొప్పికి గుర్తులు. ఒకటి రెండు రోజులు సరిగా తినకపోవచ్చు, రెండు మూడు రోజులు విరేచనం కాకపోవచ్చు. కోడిమాంసం ఉడికించిన నీళ్లతో కలిపిన అన్నం కొంచెం కొంచెంగా పెట్టండి. అందులో ఉల్లి, వెల్లుల్లి వేయొద్దు. ఉడికించిన బొమికలు పెట్టొద్దు.

నడక ఐదేసి నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. కుట్లు తీశాక మెల్లగా పెంచండి. ఉన్న కాళ్లే అంతా మోయాలి కాబట్టి గోళ్లు పెరగనీయొద్దు, పాదాల కింద పగుళ్లు చూస్తుండండి. ఒళ్లు పెరగనీయొద్దు. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి. జాలిపడి ఎక్కువ పెడితే ఆ బరువు మిగిలిన మూడు కాళ్ల మీదే పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, అది లేవబోతున్నప్పుడు ఆగండి. చేయి దగ్గర పెట్టండి గానీ ఎత్తకండి.

హాస్టల్లో, క్యాంపస్‌లో ఉండే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు జారినప్పుడల్లా "వీళ్లకు కాళ్లు లేవు, మెరిట్ లేదు" అనే గొంతు వినపడుతుంది. ఆ నేలను ఎవరి పాదాల కోసం అంత నున్నగా పాలిష్ పట్టారో ఎవరూ అడగరు. ఇంట్లో ఎవరూ ఇంగ్లీషు మాట్లాడని పిల్లకు మొదటి సెమిస్టర్ అంతా ఇంగ్లీషులో పెట్టడం, స్కాలర్‌షిప్ రాకముందే ఫీజు కట్టమనడం, గైడ్ ఎవరో తేల్చకుండా ఏడాది తిప్పడం, ఇవన్నీ ఆ పాలిషే. రిజర్వేషన్‌ను జాలి అనేవాళ్లకు చెప్పండి, అది ఎత్తుకోవడం కాదు. మా అమ్మ కట్టిన చేంతాడు లాంటిది. నడిచేది మనమే.

ఒక పని కూడా చేయండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం పోస్టులు వికలాంగులకు ఇవ్వాలి. మన సంఘాల మీటింగుల్లో ఈ మాట ఎన్నిసార్లు వచ్చింది? మన వాడల్లో కాళ్లూ చేతులూ పోయినవాళ్లు తక్కువేం లేరు. మీ హాస్టల్ బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీ ఉందా, లైబ్రరీకి ర్యాంప్ ఉందా, మీటింగ్ పెట్టే హాలు ఎన్నో అంతస్తులో ఉందో ఈ వారం చూసి రాయండి. మన అంబేద్కర్ భవనాలతోనే మొదలుపెట్టండి.

వచ్చే భాగంలో క్వారీ మస్టర్ల గురించి రాస్తాను. చీమకుర్తి వైపు నుంచి ఎవరైనా ఉంటే ఫోన్ చేయండి.

జై భీమ్.